మంచినీళ్ల పరీక్ష

“తనివితీరా చూసుకోండి భ్రమరాంబగారూ. మళ్లీ మధ్యలో డెంగీ అని పడుకున్నారనుకోండి, ఈ కేసు కూడా నేనే పూర్తి చేయాల్సి వస్తుంది,” అన్నాడు రవికిరణ్, ఫ్లాటు తాళం తీస్తూ.

భ్రమరాంబకు ఒళ్లు మండింది. అయినా నవ్వి, చెప్పులు బయటే విడిచి లోపలికి నడిచింది. ఈ మనిషి మీద ఆమెకున్న పగ ఈనాటిది కాదు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బీమా కంపెనీలో దర్యాప్తులు చేసేవాళ్లు. డెంగీతో ఆమె మంచాన పడ్డప్పుడు, కొబ్బరిబొండాం కోసం కాళ్లీడ్చుకుంటూ వీధి చివరికి వెళ్తే, ఈ మహానుభావుడు స్కూటర్ మీద వచ్చి ఫోటో తీశాడు. జబ్బు సెలవు పెట్టి బజారులో షికార్లు చేస్తోందని పైవాళ్లకు పంపాడు. ఆమె ఉద్యోగం ఊడింది, ఆమె ముప్పాతిక వంతు తేల్చిన కేసు అతని పేరు మీద పూర్తయింది. ఇప్పుడామె మూసాపేటలో జిరాక్స్ షాపు పైన ఒక గదిలో సొంత బోర్డు తగిలించుకుని బతుకుతోంది. అతను ‘నిక్కచ్చి సొల్యూషన్స్’ అనే, ఉద్యోగుల జబ్బు సెలవులు నిజమో కాదో తేల్చే కంపెనీలో ఫీల్డ్ హెడ్.

ఆ నిక్కచ్చి కంపెనీ అధిపతి సురేంద్ర నిన్న ఈ ఫ్లాటులోనే, ఈ వంటగది గడప దగ్గరే శవమై కనిపించాడు. కడుపు ఆపరేషనై వారమే అయింది. కుట్లు తెగి, లోపల రక్తం పోయి, అరిచినా వినేవాళ్లు లేక పోయాడు. సాయంత్రం సంతకాల కోసం వచ్చిన రవికిరణే మొదట చూశాడు. పోలీసులు రాత్రికి రాత్రే మహేశ్ అనే వాటర్ ప్లాంటు డ్రైవర్ని పట్టుకుపోయారు. ఈ సాయంత్రం అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ లోపల వేరే మనిషిని చూపించకపోతే అతనిక జైలుకే.

ఆ మహేశ్ తల్లి కిష్టమ్మే భ్రమరాంబను ఈ కేసులోకి దింపింది. పొద్దున గది తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవలేదు, దండాలు పెట్టలేదు.

“నాకు రెండు సంగతులు కావాలె మేడమ్. నా కొడుకు బయటికి రావాలె. మా కోడలి కాడికొచ్చి నీళ్లడిగినోడెవడో తెల్వాలె.”

“నీళ్లేమిటమ్మా?”

“మా జ్యోత్స్న పెద్ద టవర్ల కంప్యూటర్ మీద పని జేసేది. గర్భసంచి ఆపరేషన్ అయితె సిక్కు లీవుల ఉన్నది. లీవు పైసలు నిజంగ జబ్బున్నోళ్లకే ఇస్తున్నరా అని సూడనీకి ఎవడో ఇంటికొచ్చిండు. నేను పనికి పోయిన, కొడుకు బండి మీదున్నడు. పిల్ల ఒక్కతే ఉన్నది. జర నీళ్లియ్యి బిడ్డా అన్నడంట. ఇంట్ల కొత్త క్యాను, నిండుగున్నది. దాన్ని వంచి స్టీలు గ్లాసుల పోసి ఇచ్చింది. గంతే. పిల్ల లేస్తున్నది, నడుస్తున్నది, జబ్బు లేదు అని రాసుకపోయిండు. పొద్దుగూకె వరకు కుట్లు తెగినయి. దవాఖానల పండవెట్టినంక, ఎందుకు లేసినవు బిడ్డా అంటె, ‘నీళ్లడిగిండు అత్తమ్మా, ఇయ్యకుంటె ఎట్ల’ అన్నది. ఇగ మల్ల మాట్లాడలె.”

కొడుకు కోసం వచ్చిన మనిషి కోడలి గురించి ఇలా చెప్పడం భ్రమరాంబ ఎక్కడా వినలేదు.

“నువ్వెక్కడ పనిచేస్తావమ్మా?”

“టవర్లల్ల, ఫ్లాట్లల్ల. ఊడుసుడు, తుడుసుడు, వంట. ఒక జాగ అని లేదు. ఎవరు పండుకుంటె ఆల్ల జాగల పోత.”

ఆ మాట అప్పుడు భ్రమరాంబ ఒక చెవిన విని వదిలేసింది.

*

“కథ సింపుల్ అండీ,” అన్నాడు రవికిరణ్, వంటగది గుమ్మానికి ఆనుకుని. “పెళ్లాం పోయాక మహేశ్ మా ఆఫీసుకొచ్చి సురేంద్రని చంపుతానని అరిచాడు. ఫ్లోర్ మొత్తం విన్నది. నిన్న పదింటికి వంటమనిషి పార్వతమ్మ కార్డు గేటు దగ్గర టచ్ అయి బయటికి వెళ్లింది. పావుగంటకు మహేశ్ క్యాను భుజాన వేసుకుని పైకొచ్చాడు. కెమెరాలో ఉంది. తలుపు తీశాక సురేంద్రని తోశాడు, పారిపోయాడు. క్యాను ఇదుగో, ప్లాంటు స్టిక్కరుతో సహా.”

నీలం క్యాను గడప దగ్గర పక్కకు దొర్లి ఉంది. మూత సీలు సగం చిరిగింది. నీళ్లు పారి ఎండిన మరక హాలు దాకా వచ్చి ఆగింది.

“మహేశ్ ఈ రూటువాడు కాదు కదండీ,” అంది భ్రమరాంబ కిందికి వంగి చూస్తూ. “అతనిది మూసాపేట బండి. నిన్న ఈ రూటువాడికి వాంతులు పట్టుకుంటే ఓనరు అప్పటికప్పుడు ఇతన్ని పంపాడు. చంపాలని పథకం వేసుకున్నవాడు ఇంకొకడి వాంతుల మీద ఆధారపడతాడా?”

“అవకాశం దొరికింది. వాడుకున్నాడు.”

“క్యాను కావాలని ఫోన్ చేసిందెవరు?”

“సురేంద్ర నంబర్ నుంచే వెళ్లింది. ఫిల్టర్ చెడిపోయింది. నేనే చూశాను, చుక్క రావడం లేదు. అందుకే తెప్పించుకున్నాడు.”

భ్రమరాంబ సింకు కింద తలుపు తెరిచి, చెయ్యి లోపలికి పెట్టి, గోడలోంచి ఫిల్టర్‌కి వెళ్లే పైపు మీద చిన్న వాల్వు తడిమింది. తిప్పింది. పైన ఫిల్టర్‌లో దీపం వెలిగి, గుర్రుమని నీళ్లు లాక్కోవడం మొదలుపెట్టింది.

రవికిరణ్ మొహంలో నవ్వు కాస్త సడలింది.

“చెడిపోలేదు. కట్టేశారు,” అందామె. “కడుపు కోయించుకున్నవాడు సింకు కింద దూరి ఆ పని చేయలేడు. నీళ్ల మనిషికి ఆ పనితో అవసరం లేదు.”

ఫ్రిజ్ తీసింది. తలుపు అరల్లో నీళ్ల సీసాలు వరసగా ఉన్నాయి. అన్నీ ఖాళీ. మూతలు మాత్రం బిగించి ఉన్నాయి. ఒక్కొక్కటే పైకెత్తి వెలుతురులో చూసింది. లోపల తడి కూడా లేకుండా బోర్లించి వార్చి మళ్లీ సర్దారు. వంటగట్టు మీద ఒక స్టీలు గ్లాసు నిలబెట్టి ఉంది, పొడిగా, పక్కన ఇంకేమీ లేకుండా. పై అరలో చూస్తే ఈ ఇంట్లో ఉన్నవన్నీ గాజు గ్లాసులే.

“ఫోను ఎక్కడ దొరికింది?”

“బాల్కనీలో, విడిచిన బట్టల బుట్ట అడుగున. సైలెంట్‌లో.”

“దొంగిలించేవాడైతే పట్టుకుపోతాడు. తోసి పారిపోయేవాడైతే ముట్టుకోడు. బట్టల బుట్ట ఎక్కడుంటుందో తెలిసినవాళ్లే అక్కడ పెడతారండీ.”

పడకగదిలో మందుల ట్రే ఉంది. నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్, నిద్రమాత్రల పెట్టె. పెట్టె తెరిస్తే లోపల మాత్రల షీటు లేదు. ఆపరేషనై వారమే అయిన మనిషి పది మాత్రలూ మింగి ఉండడు.

“ఇది చూశారా?”

“ఖాళీ పెట్టె చూసి ఏం చేయమంటారు? దండ వేయమంటారా?” అన్నాడతను.

భ్రమరాంబ పెట్టె మూసి ట్రేలో పెట్టేసింది. ఆమె మనసులో బొమ్మ కట్టేసింది. ఇక్కడ ఎవరూ ఎవరినీ తోయలేదు. మనిషిని మంచం మీద ఉంచి, ఫోను తీసేసి, ఇంట్లో తాగే నీటిని చుక్క మిగలకుండా చేసి, గుమ్మం బయటే దించి పొమ్మని నిండు క్యాను ఒకటి తెప్పించి వెళ్లిపోయారు. మందుల వేడికి నాలుక పిడచకట్టుకుపోయి ఉంటుంది. బాత్‌రూములో వచ్చేది ఉప్పటి బోరు నీళ్లు, ఇలాంటివాళ్లు వాటితో నోరు కూడా పుక్కిలించరు. క్యాను గుమ్మం లోపలికి ఈడ్చుకుని, వంటగది దాకా తెచ్చి, సీలు లాగి, ఎత్తబోయాడు. గ్లాసు పొడిగానే మిగిలిపోయింది. లేవకపోతే బతికేవాడు. జ్యోత్స్న కూడా అంతే. ఎవరో ఆ పిల్ల చావుని తెచ్చి ఇతనికి వడ్డించారు.

పగ తీర్చుకున్న తీరు చూసి ఆమెకు భయం వేసింది. నిజం చెప్పాలంటే, ఎక్కడో లోపల కాస్త ముచ్చట కూడా వేసింది.

హాల్లోకి వచ్చి చూస్తే సోఫాకి ఎదురుగా గోడ మీద నాలుగు మేకులు, చుట్టూ దుమ్ము పట్టని చదరం.

“టీవీ ఏమైంది?”

“మొన్న సాయంత్రమే ఆఫీసుకి తీసుకెళ్లాం. రేపు రిపోర్టు విడుదల, అక్కడ పెద్ద తెర కావాలి. సురేంద్ర లేకపోయినా ఆపేది లేదు.” టీపాయ్ మీదున్న కట్టలోంచి ఒక పుస్తకం లాగి ఆమె చేతికిచ్చాడు. అట్ట మీద పేరు: ‘దేశంలో జబ్బు సెలవు జీతాల ఖర్చు – పదేళ్ల ధోరణి’. కింద ఎర్రటి గీత ఒకటి మెట్లెక్కినట్టు ఎక్కి, చివర్లో జారుడుబల్ల మీద పడ్డట్టు కిందికి దిగింది.

“మేం చూసే సంస్థలు అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వాటన్నిటి లెక్కా ఇది. ఏటేటా ఖర్చు పైకే. కరోనా అప్పుడు మరీ నెత్తినెక్కింది. ఇక్కడ చూడండి, ఇక్కడ తిరిగింది. అప్పట్నుంచీ కిందికే. ఢిల్లీలో పెద్దవాళ్లు దీన్ని దేశమంతా పెడదామంటున్నారు.”

“అంటే జనం ఆరోగ్యంగా ఉన్నారన్నమాట.”

“నాటకాలు మానేశారన్నమాట.”

“ఏం మందు వేశారండీ?”

“మంచినీళ్లు!” అతను పకపకా నవ్వాడు. “సురేంద్ర బుర్రే బుర్రండీ. మా మనిషి పేషెంట్ ఇంటికి వెళ్లి జబ్బు మాటే ఎత్తడు. ఎత్తితే అందరూ మూలుగుతారు. కూర్చుని, ‘అమ్మా, కాసిని మంచినీళ్లిస్తారా’ అంటాడు. నిజంగా లేవలేనివాళ్లు లేవరు. లేచి తెచ్చారా, ఫిట్. మర్నాటి నుంచి డబ్బు బంద్.”

భ్రమరాంబ పుస్తకం టీపాయ్ మీద పడేసింది. ఎండన పడి వచ్చిన పరాయివాడు నీళ్లడిగితే మన ఇళ్లల్లో లేదనే మనిషి ఉంటుందా? జ్వరమో, బాలింతో, గోడ పట్టుకునైనా లేచి ఇస్తుంది. ఆ మంచితనాన్ని ఎరగా పెట్టి, దానికి చిక్కిన ప్రతివాళ్లనీ దొంగ రోగులని కొట్టేస్తూ పోతే గీత కిందికి కాక ఎటు దిగుతుంది? మనుషులకు జబ్బులు తగ్గలేదు, మర్యాద పోలేదు, అంతే.

“ఎవరూ లేదనరని తెలిసే పెట్టారు కదూ?”

“అందుకేగా పనిచేసింది!”

“జ్యోత్స్న ఇంటికి వెళ్లిందెవరు?”

“ఆ వివరాలు మీకనవసరం.”

“సరే లెండి. నెల జీతానికి ఎండలో తిరిగే కుర్రాడెవడో అయ్యుంటాడు. రేపు లాయరు అడిగితే వాణ్ణే బోనెక్కిస్తారు. ఇంకొకళ్లు చేసిన పని మీద మీరు పేరు తెచ్చుకోవడం, మీరు చేసిన తప్పు ఇంకొకళ్ల నెత్తిన రుద్దడం నాకు కొత్తేం కాదు. ఆ పరీక్ష కూడా సురేంద్రదేగా. మీదంటూ ఏముంది అందులో?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులు ఆమెకు పాత పరిచయమే.

“నాదంటూ ఏముందా? హఫీజ్‌పేట్‌లో మొదటి పరీక్షలన్నీ చేసింది నేను. ఈ గీత తిరిగింది నా కాళ్ల మీద. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లింది కూడా నేనే. మూలగలేదు, ముక్కలేదు. నవ్వుతూ తెచ్చిచ్చింది. నాకేం కలొచ్చిందా?”

“నిండు క్యాను వంచి తెచ్చిందండీ.”

“నేను ఆడవాళ్లు ఒంటరిగా ఉన్న ఇంట్లో వంటగదిలోకి తొంగిచూడను. మర్యాద కాదు,” అన్నాడు రవికిరణ్.

ఆ మాటకు ఆమెకు అతని చెంప మీద కొట్టాలనిపించింది. చెయ్యి ఎత్తితే కేసు పోతుందని ఎత్తలేదు.

*

రవికిరణ్ తాళం వేసి ముందే దిగిపోయాడు. ఆమె లిఫ్టు దగ్గరికి రాగానే ఫోన్ మోగింది. కిష్టమ్మ.

“ఏమన్న తెల్సిందా మేడమ్?”

“మీవాడు కాదని రుజువు సగం దొరికిందమ్మా. మిగతా సగం ఇంకాసేపట్లో పట్టుకుంటాను.”

“నీళ్లడిగినోడు?”

చెప్పకూడదు. ఇంత అనుభవం ఉన్న మనిషికి ఆ సంగతి తెలియక కాదు. కానీ రవికిరణ్ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. కొబ్బరిబొండాం పట్టుకున్న తన ఫోటో అందరికీ చూపించిన రోజూ అతను ఇలాగే నవ్వాడు. ఈ పేరు కనీసం ఒక్కరైనా తనలాగే పళ్లు కొరుకుతూ పలకాలని ఆమెకు ఆశ పుట్టింది.

“వాడి పేరు రవికిరణ్. సురేంద్ర కంపెనీవాడే. తన నోటితోనే ఒప్పుకున్నాడు.”

అవతల కిష్టమ్మ ఆ పేరు ఒకసారి మెల్లగా పలికింది.

“గాడేడుంటడు మేడమ్?”

“ఎక్కడికి పోతాడు? ఆఫీసుకే బయల్దేరాడు. వీధి దాటితే ఎదుటి టవరే, పదకొండో అంతస్తు. వాణ్ణి కోర్టుకి ఈడ్చేదాకా నేను నిద్రపోను, నువ్వు బెంగపెట్టుకోకు.”

“నాకేం ఫికర్ లేదు. మంచిగ చెప్పినవు మేడమ్,” అని కిష్టమ్మ ఫోన్ పెట్టేసింది.

పార్వతమ్మ ఇల్లు టవర్ల వెనక, పాత నానక్‌రామ్‌గూడ ఊళ్లో. షేరాటోలో పది నిమిషాలు కూడా పట్టలేదు. దారి పొడుగునా భ్రమరాంబ ఒకటే లెక్క వేసుకుంది. వాల్వు కట్టింది, సీసాలు వార్చింది, ఫోను బట్టల బుట్టలో పెట్టింది ఆ ఇల్లు ఊడ్చే చెయ్యే. నిన్న పొద్దున ఆ ఇంట్లో ఉన్నది వంటమనిషి పార్వతమ్మ. గేటు కార్డే సాక్ష్యం. జ్యోత్స్నతో ఈమెకేం సంబంధమో మాత్రం తేలాలి. సాయంత్రానికల్లా దీని చేత నిజం కక్కిస్తే మహేశ్ బయటపడతాడు, రవికిరణ్ తలెత్తుకోలేడు.

రేకుల గదిలో, మే నెల ఎండలో, ఒక ఆడమనిషి నిండా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. తల పక్కన జ్వరం మాత్రలు, ఎండిపోయిన బ్రెడ్డు ముక్క.

“పార్వతమ్మవి నువ్వేనా?”

“నేనేనమ్మా. మీరెవరు? పోలీసోళ్లకు చెప్పిన కద. పొద్దుగాల పోయిన, ఉప్మా జేసిన, పదింటికి వచ్చిన. ఇంకేం తెల్వదు నాకు.”

“పోలీసుల్ని కాదు. మహేశ్ తరఫున వచ్చాను. నిన్న నువ్వు వెళ్లేసరికి సార్ ఏం చేస్తున్నారు?”

“టీవీ సూస్తున్నడు.”

“హాల్లోనా?”

“ఔ. సోఫల కూసోని.”

“ఏం వస్తోంది టీవీలో?”

“వార్తలు. ఎప్పుడు గవ్వే పెడ్తడు.”

భ్రమరాంబ మంచం పట్టె మీద కూర్చుంది. “ఆ టీవీ మొన్న సాయంత్రమే ఆఫీసుకి పట్టుకుపోయారు పార్వతమ్మా. నిన్న ఆ గోడ మీద మేకులు తప్ప ఏమీ లేవు. నువ్వు నిన్న ఆ ఇంటికి పోలేదు.”

పార్వతమ్మ కళ్లు బెదిరిపోయాయి. ఒక్కసారిగా దుప్పటి తోసి లేవబోయింది. “అయ్యో, మీరచ్చి ఇంతసేపాయె, మంచినీళ్లన్న ఇయ్యలే…” అంటూ గోడ పట్టుకుంది. కాళ్లు తేలిపోతున్నాయి.

“లేవకు!” అని అరిచింది భ్రమరాంబ. అరిచినందుకు తనకే ఆశ్చర్యం వేసి గొంతు తగ్గించింది. “లేవకమ్మా. నాకు నీళ్లొద్దు. పడుకునే చెప్పు. ఎన్నాళ్లుగా జ్వరం?”

“మూడు దినాలాయె.”

“మరి నీ కార్డు రోజూ గేటు దగ్గర ఎలా టచ్ అవుతోంది?”

ఆమె ఏడుపందుకుంది. “మాకు సిక్కు లీవులు గిట్ల ఉంటయా అమ్మా? నాలుగు దినాలు పోకుంటె ఇంకోదాన్ని పెట్టుకుంటరు. గందుకే మా ఆడోళ్లల్ల ఎవలికన్న పానం బాగలేకుంటె బద్లీ పంపుతం. కార్డు ఇస్తం. గేటుకాడ కార్డే సూస్తరు గని మొకం ఎవలు సూస్తరు? గీ ముచ్చట సొసైటోళ్లకు తెలిస్తె నా కార్డు గుంజుకుంటరు. గందుకే నేనే పోయిన అన్న. సారు సచ్చిపోతడని నాకేం తెల్సు?”

బద్లీ. ఒకరు పడుకుంటే వాళ్ల బదులు ఇంకొకరు. భ్రమరాంబకు పొద్దున మెట్ల మీద విన్న గొంతు మళ్లీ వినిపించింది. ఎవరు పండుకుంటె ఆల్ల జాగల పోత.

“నీ బద్లీ ఎవరు పార్వతమ్మా?”

“మా వదినె. హఫీజ్‌పేట్ల ఉంటది. పాపం కోడలు సచ్చిపోయినకాంచి మనిషి మనిషి లెక్క లేదు. నా సారుకు కడుపు ఆపరేషన్ అయిందని చెప్పిన, పానం బాగలేదని చెప్పిన. నువ్వు పండుకో, నేను పోత అన్నది. దాని కొడుకు మూసాపేట దిక్కు నీళ్ల బండి నడుపుతడు…” మాట మధ్యలో ఆగిపోయింది. “గా మహేశేనా పోలీసోళ్లు పట్టింది? మా కిష్టమ్మ కొడుకా?”

భ్రమరాంబ అప్పటికే గుమ్మంలో ఉంది.

ఎండలో నిలబడి రవికిరణ్ నంబర్ నొక్కింది. తన కొడుకు ఈ దిక్కు రాడనే ధైర్యంతోనే కిష్టమ్మ వాళ్ల ప్లాంటు నుంచే క్యాను తెప్పించింది. ఈ రూటువాడికి వాంతులవుతాయని ఆమె కలగనలేదు. ఎవరి బదులో ఆమె వెళ్లింది, ఎవరి బదులో కొడుకు వచ్చాడు. కొడుకు పట్టుబడ్డాక కూడా ఆమె నోరు విప్పలేదు. ఎందుకు విప్పుతుంది? ఇంకొకడు మిగిలి ఉన్నాడు, వాడి పేరు తెలియదు. పేరు కనిపెట్టడానికి ఒక డిటెక్టివ్ కావాలి. కనిపెట్టింది. అంతస్తుతో సహా అప్పజెప్పింది. ఆ టవర్లోకి పోవడానికి ఇంకెవరి బద్లీ కార్డో కిష్టమ్మకు దొరక్కపోదు. ఆ పేరు చెప్పేటప్పుడు నాలుకకి తగిలిన తీపి తలుచుకుంటే ఆమెకు తన మీదే అసహ్యం పుట్టింది.

“హలో, చెప్పండి మేడమ్! అప్పుడే నా మీద బెంగపెట్టుకున్నారా?” రవికిరణ్ గొంతు బద్ధకంగా ఉంది.

“ఎక్కడున్నారు?”

“నా క్యాబిన్‌లో. అందరూ లంచ్‌కి పోయారు.”

“ఎవరేమిచ్చినా తాగకండి. వినబడుతోందా? మంచినీళ్లు తాగకండి!”

“ఆలస్యం చేశారు,” అని నవ్వాడు. “ఇందాకే తాగేశా. కొత్తగా ఎవరో పెద్దమ్మ వచ్చింది హౌస్‌కీపింగ్‌కి. ఆఫీసులో అందరికీ పేపరు కప్పులే. నాకు మాత్రం స్టీలు గ్లాసులో తెచ్చింది. నేను అడక్కుండానే అండీ! అలాంటివాళ్లు ఈ రోజుల్లో… నీళ్లే కొంచెం చేదుగా…” మాట ముద్దగా వస్తోంది. “ఏసీ ఎక్కువైందో ఏమో, కళ్లు మూసుకుపోతున్నాయి.”

“ఆవిడ ఎక్కడుంది?”

“ఇక్కడే. తలుపు దగ్గర. గ్లాసు కోసమనుకుంటా. నన్నే చూస్తోంది.”

తర్వాత ఏదో జారి కింద పడిన చప్పుడు. ఫోను ఎవరో చేతిలోకి తీసుకున్నారు.

“మేడమ్, నేనే. కిష్టమ్మను.” ఊపిరి కూడా ఎగబీల్చడం లేదు ఆమె. “నా కొడుకును ఇడిపియ్యి. రెండు నేనే జేసిన అని చెప్పు. నేనేడికి పోను. ఈన్నే కూసుంట, వాల్లొచ్చేదాక.”

“కిష్టమ్మా! పక్కనెవరైనా ఉంటే పిలువు, వాణ్ణి వాంతి…”

లైన్ తెగిపోయింది.

షేరాటోలో కూలబడి, టవర్ వైపు పోనిమ్మని అరుస్తూ, భ్రమరాంబ అంబులెన్సుకి ఫోన్ చేసింది. వెంటనే ఎత్తారు. అడ్రసు చెప్పింది, అంతస్తు చెప్పింది, నిద్రమాత్రలు, పది ఉండొచ్చు అంది. అవతల ఆడపిల్ల గొంతు తొణక్కుండా రాసుకుంటోంది.

“పేషెంట్ లేచి నడవగలుగుతున్నారా మేడమ్?”

భ్రమరాంబ నోరు తెరిచి ఆగిపోయింది. నడవగలుగుతున్నాడు అని ఒక్క మాట అంటే చాలు, బండి తాపీగా వస్తుంది. అతను తనకు చేసింది అదే. జ్యోత్స్నకి చేసింది అదే. ఎవరికీ తెలియదు కూడా. ఆటో సిగ్నల్ దగ్గర ఆగింది.

“మేడమ్? పేషెంట్ లేవగలరా?”

“లేవలేడండి,” అంది భ్రమరాంబ. “నిజంగానే లేవలేడు. తొందరగా రండి.”